అయస్కాంతమ్మ కొత్త గది

ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసుకే తెలుసు. మిగతా అందరికీ అయస్కాంతమ్మ. కరెంటు కార్ల మోటార్ల లోపల గిర్రున తిరిగే రోటరు ఉంటుంది కదా, దాని గాడుల్లో అయస్కాంతం ముక్కలు దూర్చడం ఆమె పని. మహా పొగరుబోతు ముక్కలవి. ఏమరితే వేళ్ళు నలిపేస్తాయి. పక్క షెడ్డులో రాగి తీగలు వంచడానికీ లేజరుతో అతకడానికీ రోబోలొచ్చినా, ఈ పని మాత్రం ఇంకా చేతులదే. ఆ సంగతి రోజుకొకరికైనా చెప్పకపోతే ఆమెకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషికి గుండె మొరాయించింది. డాక్టరు ఎడమ భుజం కింద గుండెను నడిపే పేస్‌మేకర్ అమర్చి, "ఇక అయస్కాంతాల జోలికి వెళ్ళకండమ్మా, దగ్గరికొస్తే ఇది దారి తప్పుతుంది" అన్నాడు. పిల్లికి ఎలుకల జోలికి వెళ్ళొద్దని చెప్పినట్టయింది. ఇంట్లో కూర్చోలేక, సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి పరీక్ష గదిలో చోటు సంపాదించింది. పూర్తయిన మోటారును బల్లకు బిగించి, వేగంగా తిప్పి, ఎంత వేడెక్కుతోందో ఎంత అదురుతోందో అద్దం ఇవతల నుంచి చూడాలి. ఒక్క పొరపాటు జరిగినా ఇంటికి పంపేస్తానని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. ఆమె కోడలు చేసేది కూడా ఆ గదిలోనే.

మొదటి రోజే, మోటారు బిగిస్తుంటే స్క్రూ ఒకటి బల్ల కిందికి దొర్లింది. అలాంటివి ఏరడానికి పనికిరాని అయస్కాంతం ముక్క ఒకటి జేబులో వేసుకు తిరగడం రోటరు షెడ్డువాళ్ళ అలవాటు. ఈ బల్ల మీదా ఎవరో ఒక ముక్క వదిలి వెళ్ళారు. ఆమె దాంతో స్క్రూ పైకి తీసి, ముక్కను కోటు ఎడమ పైజేబులో వేసుకుంది. బుర్ర వద్దనేలోపే చెయ్యి తన పని తాను చేసేసింది. కాసేపటికి గుండె తలుపు బాదినట్టు కొట్టుకుంది. కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకుంది. కోడలు పరుగెత్తుకొచ్చి, జేబు తడిమి, ముక్క తీసి దూరంగా విసిరేసింది.

గుండె నెమ్మదించాక అత్తగారిని పట్టుకున్నది చావు భయం కాదు, ఉద్యోగం పోతుందన్న భయం.

"ఎవరికీ చెప్పకమ్మాయ్. నీకు పుణ్యముంటుంది."

"చెప్తాను అత్తయ్యా."

"పని లేకపోతే నేనేమైపోతానో నీకు తెలీదా?"

"తెలుసు. జన్మంతా నన్ను దెప్పుతారు. దెప్పండి. దెప్పడానికి మీరుండాలి కదా."

కోడలికి ఏనాడూ ఒక్క మాట బాకీ ఉంచని మనిషి ఆ పూట కోడలి చెయ్యి పట్టుకుని లేచి, సూపర్‌వైజరు గది వైపు తనే ముందు నడిచింది.