గీకి చూడమన్నాను

నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాని బరువుకు మనిషిని సగమయ్యాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నంద్యాలలో ఒక శిక్షణ కేంద్రంలో మెకానిక్కులకు పాఠాలు చెబుతాను. డీజిల్ బండ్లంటే నాకు కొట్టిన పిండి. వైరులో కరెంటు వస్తోందో లేదో చూడాలంటే మేం మీటరు వెతకం. వైరు కొసను ఇంజను ఇనుముకు గీకుతాం. నిప్పురవ్వ ఎగిరితే కరెంటు ఉన్నట్టే. నాకు పని నేర్పినవాళ్లు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పాను.

తర్వాత కరెంటు ఆటోలు వచ్చాయి. వాటి పాఠం కూడా నన్నే చెప్పమని చేతికో లావుపాటి పుస్తకం ఇచ్చారు. తెరవలేదు. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, బ్యాటరీ గురించి కొత్తగా చదివేదేమిటని పొగరు.

ఆ బ్యాచిలో రత్నం ఉన్నాడు. ఆళ్లగడ్డలో సొంత షెడ్డు, ఇంచుమించు నా వయసువాడే. మిగతావాళ్లు తలవంచుకుని నోట్సు రాసుకుంటుంటే ఆయనే చేయెత్తాడు.

"సార్, ఈ బ్యాటరీలో కరెంటు ఉండాదో లేదో పాత లెక్కనే వైరు గీకి చూడొచ్చునా?"

నాకు తెలియదు. తెలియదనే చిన్న మాట అనడానికి నోరు రాలేదు.

"ఏమప్పా రత్నం, ఇన్నేండ్లుగా పని చేస్తాండావ్, ఇది గూడా నన్నడగల్లా? కరెంటు యాడున్నా కరెంటే. గీకి చూడు."

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

శిక్షణ ముగిసి ఆయన ఊరికి వెళ్లిపోయాక, ఒకరోజు ఊరికే ఆ పుస్తకం తిరగేశాను. ఆ బ్యాటరీ వైరు కొసలు తగిలితే లేచేది రవ్వ కాదు మంట అనీ, రాగి కరిగి ముఖాన పడుతుందనీ బొమ్మ వేసి మరీ ఉంది. రత్నం నంబరు నా ఫోనులోనే ఉంది. చేశానా? లేదు. తప్పు చెప్పానని ఏ నోటితో అనాలి, ఆయన పదిమందికీ చెబితే నా పరువేం కావాలి, అయినా మీటరు ఉండగా నిజంగా గీకుతాడా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ రోజులు దాటించాను. మరిచిపోయానా? లేదు. రోజూ గుర్తుంది.

నేను ఆ పుస్తకం చూసిన తొమ్మిదో రోజున రత్నం గీకి చూశాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఒక కన్ను పోయింది.

కేంద్రం వాళ్లు అడిగితే, గీకవద్దని క్లాసులో గట్టిగా చెప్పానని రాసి సంతకం పెట్టాను. బ్యాచిలో మిగతావాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, వాళ్లనెవరూ అడగలేదు. ఆసుపత్రిలో రత్నాన్ని కూడా అడిగారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. సార్ వద్దనే చెప్పాడు, నాకే గుర్తు లేకపోయిందన్నాడు ఆయన. ఎందుకలా అన్నాడు? నా ఉద్యోగం పోతుందనా? నా ముఖం చూసి అసహ్యం పుట్టా? ఇంతవరకూ అడగలేదు. ఆ షెడ్డు దారిన కూడా వెళ్లలేదు.

ఈసారి బ్యాచిలో రత్నం కూతురు చేరింది. షెడ్డు తనే నడపాలట. నిన్న పాఠం మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడింది.

"సార్, మా నాయనకు మీరు చెప్పినా మర్చిపోయినాడంట. నాకు రెండు తూర్లు చెప్పండి సార్."

రెండుసార్లు చెప్పాను. మూడోసారీ చెప్పాను. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. రేపు ఆ అమ్మాయి ముందు నోరు విప్పగలనో లేదో కూడా తెలియదు. ఒక్క కాగితం మీదైనా నిజం ఉండాలని రాస్తున్నాను. రత్నం ఏదీ మరిచిపోలేదు. నేను గీకి చూడమన్నాను. నా మాట నమ్మి గీకాడు.