నాయన దినం నాడు ఊరుబిండి

మా నాయన పులివెందుల పక్కన శెనక్కాయలు పండించేవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకునైన నాకు శెనక్కాయ తింటే ఊపిరాడదు. దేవుడు మా ఇంటి విషయంలో పెద్దగా ఆలోచించినట్టు లేదు.

చిన్నప్పుడు తిన్నప్పుడల్లా దద్దుర్లు లేస్తే, వేడి చేసిందని మజ్జిగ తాపేవాళ్లు. నాకు ఐదేండ్లప్పుడు జమ్మలమడుగులో ఒక పెండ్లికి పోయినాం. గుత్తొంకాయలో శెనక్కాయ పొడి కూరినారు. రెండు ముద్దలకే పెదాలు మొద్దుబారినాయి. మొహం వాచింది, గొంతులో ఈల మొదలైంది. నాయన నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తినాడు. డాక్టరు తొడకు సూది వేసి, నేను మామూలుగా ఏడ్చేదాకా ఆగి, "ఈ పిల్లోనికి జన్మలో శెనక్కాయ పెట్టాకు" అన్నాడు.

"నేను పండించేదే అది గద సార్" అన్నాడు నాయన.

"పండించుకోప్పా. అమ్ముకో. పిల్లోనికి పెట్టాకు."

ఆ తర్వాత శెనక్కాయ మా ఇంటి గడప తొక్కలేదు. పంట కల్లం నుంచే మార్కెట్టుకు పోయేది. ఊరుబిండి అంటే నాయనకు ప్రాణం. వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు వేసి రోట్లో నూరే పచ్చడి అది. దాన్ని వీధి అవతల మా అత్త, అంటే ఆయన చెల్లెలు, ఇంట్లో తినేవాడు. తిని, వేపపుల్లతో పండ్లు తోముకుని, అంగీ మార్చుకుని ఇంటికొచ్చేవాడు. ఊళ్లో తక్కిన మగోళ్లు తాగొచ్చి నోటి వాసన దాచుకుంటే, మా నాయన పచ్చడి తినొచ్చి దాచుకునేవాడు.

పోయిన ఎండాకాలం చేన్లో మోటరు కాడ గుండె ఆగి చనిపోయినాడు. ఫోన్ వచ్చేటప్పటికి నేను ప్రొద్దుటూరు కాలేజీలో పాఠం చెప్తాండా. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క ముగించి బస్సెక్కినాను. ఏడుపు రాలేదు. షామియానా, కుర్చీలు, ఐసుపెట్టె అన్నీ నేనే మాట్లాడినాను. "గట్టోడప్పా" అన్నారు. గట్టితనం ఏమీ లేదు. పన్ను పీకే ముందర సూది వేస్తే దవడ ఎట్లుంటుందో, మనిషంతా అట్లుండినాను. ఏం తిన్నా రుచి తెలియలేదు.

దినం నాడు ఫోటో ముందర ఆకు వేసి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టినారు. కాకికి పెట్టినాక ఆ ఆకులోది మొదట కొడుకు తినాలని మావాళ్ల ఆచారం. అన్నం పక్కన ఊరుబిండి ఉంది.

"ఏందత్తా ఇది?"

"మీ నాయన ప్రాణం రా అది. పెట్టకపోతే ఆయనకు ముడుతుందా?" అంది అత్త, కండ్లు తుడుచుకుంటా.

"నాలిక చివర తాకించుకో, చాల్లే" అన్నాడు పెదనాయన. "సచ్చినోడు నిన్ను సంపుతాడా?"

ఇద్దరు ముగ్గురు నవ్వినారు. నాకు తినేద్దామనే అనిపించింది. ధైర్యం కాదు, బద్ధకం. ఆ అలర్జీ సంగతంతా మళ్లా మొదటి నుంచి చెప్పే ఓపిక లేదు. వేలితో కొంచెం తీసుకున్నాను.

అంతదాకా మూలన కూర్చున్న అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆయప్ప ఇన్నేండ్లు చెల్లెలింట్లో తిని, నోరు కడుక్కోని ఇంట్లోకి వచ్చినాడు. ఎవరి కోసరం అనుకుంటాండారు?" అంది. "ఆయనకు ముట్టకపోతే మానె. నా పిల్లోడు నాకుండాల."

అత్తే ఆకు మడిచి ఎత్తుకుపోయింది. అమ్మ నన్ను కొళాయి కాడికి ఈడ్చుకుపోయి, గోళ్ల సందుల్లోకి కూడా సబ్బు పెట్టి రుద్దింది. కాలేజీలో పిల్లోళ్లు నన్ను ఆ భంగిమలో చూడలేదు, అదొక్కటి నయం.

ఇంకో ఆకు వేసి, ఊరుబిండి తప్ప అన్నీ మళ్లా వడ్డించినారు. నేను మొదటి ముద్ద తిన్నాను.

"పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "తెస్తా ఉండు" అని వంటింట్లోకి పోయింది. శానాసేపు రాలేదు.