పడిపోయినవాటికి పాలు పోసిన ఎండాకాలం

మా అమ్మాయి ఫోనులో ఒక ఆట ఆడుతుంది. అందులో వింత వింత జంతువులను పట్టుకోవాలి, పెంచాలి, వేరేవాళ్ల జంతువులతో పోటీకి దించాలి. మొన్న నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం కూర్చున్నప్పుడు దాని జంతువొకటి దెబ్బలు తిని పడిపోయింది. నేను అయ్యో అన్నాను. అది తలెత్తకుండానే, "చావలేదులేమ్మా, ఈ ఆటలో ఏవీ చావవు" అంది. నాకు కోపం వచ్చింది. ఈ ఆట గురించి నాకు చెప్పడానికి ఇదెవరు? చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా ఇదే ఆటలో పోయినవాటికి దగ్గరుండి దినాలు చేసినదాన్ని నేను.

అప్పుడు మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. మా వీధిలో సగం ఇళ్లవాళ్ల పని అదే. పొద్దున కళ్లు తెరవకముందే ఉలి చప్పుడు చెవిలో పడేది. ఇంటి ముందు తల వచ్చి చేతులు రాని దేవుళ్లు, చేతులు వచ్చి ముఖం రాని దేవుళ్లు వరసగా నిలబడి ఉండేవాళ్లు. రాతిపొడి బట్టల మీద, మంచాల మీద, చివరికి పెరుగన్నంలో కూడా పంటికి తగిలేది. అమ్మ రోజూ తిట్టుకునేది. ఇప్పుడు మిషన్లు వచ్చాయి, ఆ వీధిలో రంపాల గోల తప్ప ఏమీ వినపడదు. ఆ పాత టకటక వింటూ ఇంకొక్కసారి నిద్ర లేవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఆట మాకు నంద్యాల నుంచి వచ్చింది. అత్త కొడుకు, అంటే మా బావ, అక్కడ ఇంగ్లీషు మీడియంలో చదివేవాడు. వాడికి కొత్తది రాగానే పాతదాన్ని మా అక్క చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత మిషను, దానికొక చిన్న తెర. వెనక మూత విరిగిపోతే సెల్లులు జారకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉండేది. వాడెక్కిన తిరుగు బస్సు కదులుతుంటే కిటికీలోంచి బావ నేర్పిన చదువు ఇంతే: "ఇది నొక్కితే నడుస్తాది, ఇది నొక్కితే కొడ్తాది." మిగతాదంతా ఇంగ్లీషులో రాసి ఉండేది. మాది తెలుగు మీడియం. అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప అర్థాలు మాకు తెలియవు.

అయినా ఆడాం. ఆ తెరకు వెలుతురు ఉండేది కాదు కాబట్టి పగలే ఆడాలి, అదీ పెరట్లో వేపచెట్టు కింద, నీడా ఎండా కలిసే చోట. సెల్లులు నీరసించిపోతే వాటిని బండ మీద ఎండబెట్టి మళ్లీ వేసేవాళ్లం. అక్క నొక్కేది, నేను పక్కన కూర్చొని సలహాలిచ్చేదాన్ని. నా సలహా అది ఏనాడూ విన్న పాపాన పోలేదు.

ఆట మొదట్లోనే మాకొక జంతువును ఇచ్చారు. మేకపిల్లకు చేప తోక అతికించినట్టు ఉండేది. దానికి పేరు పెట్టమని తెర అడిగిందేమో, మాకు అర్థం కాక ఏదో నొక్కేశాం. మేం మాత్రం దాన్ని "మనది" అనేవాళ్లం. తర్వాత ఎన్ని పట్టుకున్నా అవన్నీ వచ్చినవే, మనది ఒక్కటే మనది. తెర మీద అది తోక ఊపితే నాకు కడుపు నిండినట్టుండేది.

మొదటి చావు ఎలుకలాంటిదానిది. ఎవడో దారికి అడ్డం వచ్చి పోటీకి పిలిచాడు. వాడి జంతువు కొట్టిన దెబ్బకు మా ఎలుక కీచుమని అరిచి, తెరలోంచి కిందికి జారిపోయింది. కింద ఇంగ్లీషులో ఏదో రాశారు. పక్కనే కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తున్న జేజికి ఆ అరుపు వినపడింది. జేజి అంటే మా నాయన తల్లి.

"ఏందే ఆ అరుపు?"

"ఎలుక పడిపోయింది జేజీ."

జేజి కళ్లు చికిలించి తెరలోకి చూసింది. "లేస్తాదా?"

అక్క అన్ని బొత్తాలూ నొక్కి చూసింది. "లేయడం లే."

"అయితే పోయింది. పోయినదాన్ని ఇంట్లో పెట్టుకోగూడదు. సాగనంపండి" అని జేజి తీర్పు చెప్పి మళ్లీ చెనిక్కాయల్లో పడింది.

సాగనంపడం ఎట్లాగో అక్క కనిపెట్టింది. ఆటలో ప్రతి ఊళ్లో ఒక ఆస్పత్రి ఉండేది. దెబ్బలు తగిలినవాటిని అక్కడికి తీసుకుపోతే నర్సమ్మ బాగు చేసి ఇచ్చేది. ఆ ఆస్పత్రి మూలన ఒక కంప్యూటరు. అందులో ఒక వరసలో నొక్కుకుంటూ పోతే జంతువు చిన్నగా అయిపోయి మాయమయ్యేది, తెర మీద "బై" అని వచ్చేది. ఆ ఒక్క మాట మాకు తెలుసు. ఇప్పుడు చెబితే జనం నవ్వుతారు గానీ, ఆస్పత్రి దాకా తీసుకుపోయి కూడా ఎలుకను నర్సమ్మకు చూపించాలని మాకు తోచలేదు. గాయపడినవాళ్లను చూపిస్తాం గానీ శవాన్ని డాక్టరుకు ఎవరు చూపిస్తారు?

అంతటితో అయిపోతుందనుకున్నాం. కానీ జేజి సాయంత్రం గుర్తు చేసింది, మూడో దినం పాలు పోయాలని. మావైపు మనిషి పోతే పూడ్చిన చోట మూడో రోజు పాలు పోసి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకుంటారు. మేం పెరటి గోడ పక్కన గుర్తుకు ఒక రాతి ముక్క పెట్టాం. నాయనను అడిగితే ఎందుకని అడగకుండా ఇచ్చాడు. ఇచ్చేముందు నిలబడేందుకు వీలుగా ఒక పక్కను ఉలితో చదును కూడా చేశాడు.

"ఎలుకకు ఏమంటే ఇష్టం?" అంది జేజి.

మాకు తెలియదు. ఒకళ్ల ముఖాలు ఒకళ్లం చూసుకున్నాం.

"ఇన్నాళ్లూ పెంచినారు, ఏమంటే ఇష్టమో తెలీదా? ఏం పెంపకమే మీది!"

జేజి నిజంగానే విసుక్కుంది. చివరికి చెనిక్కాయలు పెట్టాం. కాకి వచ్చింది. కాకులకు మా పెరట్లో తినడం తప్ప వేరే పని లేదనుకోండి, అయినా మాకు మనసు కుదుటపడింది.

ఆ తిట్టు మాత్రం పని చేసింది. అప్పటినుంచి మేం ప్రతి జంతువునూ బతికుండగానే గమనించడం మొదలుపెట్టాం. దాని ముఖం చూసి, అరుపు విని, దేనికేది ఇష్టమో ముందే తేల్చేవాళ్లం. ఉల్లిగడ్డ తలదానికి బొరుగుల ఉగ్గాణి. మూడు కాళ్ల పక్షికి కొర్రలు. ఎప్పుడూ మొహం మాడ్చుకొని ఉండే బండరాయిలాంటిదానికి ఓళిగలు, ఎందుకంటే దానికి తీపి పడితే అయినా నవ్వుతుందేమోనని అక్క ఆశ. గోడ పక్క రాళ్ల వరస పెరిగింది. అమ్మ పాలగిన్నె దాచిపెట్టడం మొదలుపెట్టింది. "బొమ్మలకు దినాలేందత్తా, ఇరుగుపొరుగు నవ్వుతాండారు" అని జేజితో అంది. "నవ్వుకోనీలే, వాళ్ల నోరు వాళ్లిష్టం" అంది జేజి.

ఆ వేసవంతా నాకున్న బెంగ ఒక్కటే. మనదానికి ఏమీ కాకూడదు. దానికేది ఇష్టమో మేం తేల్చలేదు. తేల్చేస్తే పోతుందేమోనని భయం. పోటీ మొదలైతే దాన్ని అందరికంటే వెనక నిలబెట్టేవాళ్లం, ముందున్నవి అలిసిపోతే పారిపోయి వచ్చేవాళ్లం. దానికి ఒక్క దెబ్బ తగిలినా ఆస్పత్రికి పరుగే.

బడులు తెరిచేముందు అత్తా బావా ఆళ్లగడ్డ వచ్చారు. పెద్దవాళ్లు లోపల మాటల్లో ఉన్నారు. మేం పెరట్లో ఒక పెద్ద పోటీలో ఇరుక్కున్నాం. పారిపోదామంటే ఆట ఒప్పుకోలేదు. ముందున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. ఇక మనది మిగిలింది. అది బాగానే కొట్టింది. ఎదుటిదాన్ని పడగొట్టింది కూడా. కానీ ఆ పడిపోయేది పడిపోతూ విసిరిన విషమేదో దీనికి అంటుకుంది. మా కళ్ల ముందే ఒకసారి తోక ఊపి, అరిచి, కిందికి జారిపోయింది.

నేను బావురుమన్నాను. అక్క ఏడవలేదు. మిషను ఒళ్లో పెట్టుకొని అట్లాగే కూర్చుంది. నా ఏడుపు విని బావ పెరట్లోకి వచ్చాడు.

"ఏందే, ఏమైంది?"

"మనది పోయింది" అన్నాను.

వాడు మిషను తీసుకొని చూశాడు. "పోవడమేంది? పడిపోయిందంతే. ఆస్పత్రికి తీస్కపోతే లేస్తాది."

"చచ్చినదాన్ని ఎవురన్నా ఆస్పత్రికి తీస్కపోతారా?" అంది అక్క.

"ఈ ఆటలో ఏదీ చావదు. ఈడ రాసింది గదా, సొమ్మసిల్లిందని!" అని తల తిప్పేసరికి వాడికి గోడ పక్క రాళ్ల వరస కనపడింది. అవేమిటని అడిగాడు. నేను చెప్పాను. వాడు నవ్వి నవ్వి రాతిపొడిలో కూలబడ్డాడు. "బతికుండేవాటికి దినాలు పెట్టినారా మీరు!"

వాడి నవ్వు నాకు పట్టలేదు. మనది లేస్తుంది, నాకంతే చాలు. మిషను కోసం చెయ్యి చాచాను. అక్క నా చెయ్యి తోసేసింది.

"వద్దు. దీన్ని లేపొద్దు."

"ఎందుకు?"

"మరి వాటికో?" అని రాళ్లను చూపించింది. "అవీ లేచేటివే గదా. వాటన్నిటికీ బై చెప్పి, దీన్నొక్కదాన్ని లేపుకుంటామా? ఇది మనదని? అది న్యాయమా?"

అక్కకు అప్పుడు ఏడుపొచ్చింది. బావ నవ్వు ఆగిపోయింది. నాకు అక్క మీద పిచ్చికోపం వచ్చింది. కానీ నిజంగానే వాటిని ఎవరు తెచ్చిస్తారు? ఉల్లిగడ్డ తలది ఏ ఇంగ్లీషు అడవిలో తిరుగుతుందో.

తగువు జేజి దగ్గరకు పోయింది. ముగ్గురం ఒకేసారి చెప్పాం. జేజి చేట పక్కన పెట్టి అంతా విన్నది.

"ఆస్పత్రికి పోతే ఖాయంగా లేస్తాదా?" అని బావను అడిగింది.

"ఖాయంగా లేస్తాది అవ్వా."

"అయితే ఇంకా ఈడ కూచ్చోని ఏం చేస్తాండారు? తీస్కపోండి."

"మరి పోయినవాటికి అన్యాయం గాదా జేజీ?" అంది అక్క.

 జేజి అక్క జుట్టు చెవి వెనక్కి సర్దింది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"మీ నాయనకు ముందు నాకొక ఆడపిల్ల. వాంతులు, భేదులు పట్టుకున్యాయి. బండి కట్టుకొని నంద్యాల ఆస్పత్రికి పోతాంటిమి. శిరివెళ్ల దాటినాంక నా ఒళ్లోనే పోయింది. మళ్లా మీ నాయనకూ అదే జబ్బొచ్చె. అప్పటికి బస్సులొచ్చినాయి. బస్సెక్కిస్తిమి, పోతానే సూదేసి బాటిలెక్కించిరి, లేచి కూచ్చునె. ఆ పిల్లకు లేనిది వీనికెందుకులే అని నేను ఇంట్లోనే కూచ్చొని ఉంటినా?"

ఇంటి ముందు నాయన ఉలి టకటకమంటూనే ఉంది. నాయనకు ముందు ఒకరున్నారని మాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. మేనత్త అన్నమాట. ఒక్కతే అనుకున్న అత్త లోపల అమ్మతో నవ్వుతూ మాట్లాడుతోంది.  బావ నేల చూస్తున్నాడు.

"పోయినోళ్లేమీ అనుకోరు పాపా" అంది జేజి. "పోండి."

అక్క కళ్లు తుడుచుకొని మిషను తీసింది. "నాకూ చూపీ" అని జేజి మా మధ్యకు జరిగింది. అన్ని రోజుల్లో తనంతట తాను తెర చూస్తానని అడగడం అదే మొదలు. ఎండ తగిలేట్టు మిషను వంచి పట్టుకొని అక్క మనదాన్ని ఆస్పత్రిలోకి తీసుకుపోయింది. నర్సమ్మ ఏదో అడిగింది. బావ నొక్కమన్నది నొక్కాం. చిన్న పాట మోగింది. దాని ముందు పడినవి లేచాయి, మనదీ లేచి తోక ఊపింది.

జేజి తెరను వదల్లేదు.

"ఇంత బేగానా?" అంది.

"అవును జేజీ. ఇంతే."

"ఇంకోసారి చూపీ."

"దానికిప్పుడేం కాలేదు జేజీ, బాగుండాది" అన్నాను.

"బాగుంటే పోగూడదా? తీస్కపో."

అక్క ఏ దెబ్బా లేని మనదాన్ని బయటికి నడిపించి, మళ్లీ ఆ తలుపు లోపలికి తీసుకుపోయింది. నర్సమ్మ మళ్లీ అడిగింది, పాట మళ్లీ మోగింది. జేజి చూసింది. మళ్లీ చూపించమంది.