ప్రస్థానం పెట్టిన సంచి

నేను ఒంటరిగా చేసిన మొదటి పడవ ప్రయాణంలో పడవ నిండా జనం ఉన్నారు. ఈ మాట చెబితే మా మనవరాలు పకపకా నవ్వుతుంది. ఆ మధ్య అది ఒక్కతే పెద్ద ఓడెక్కి సముద్రం మీద తిరిగొచ్చింది. ఆ ఓడలో ఈత కొట్టడానికి చెరువంత తొట్టి కూడా ఉందట. నీళ్ళ మీద పోతూ మళ్ళీ నీళ్ళెందుకే అంటే, "నీకు తెలీదులే అమ్మమ్మా" అంది. నాకు తెలీకపోవడమేమిటి! నేనూ ఒక్కదాన్నే పడవెక్కినదాన్నే. తెనాలి నుంచి రేపల్లె పక్క దాకా, కాలవ మీద, తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దువాలే దాకా.

అరవైల చివరి మాట. నాకు పంతొమ్మిదేళ్ళు. బాపట్లలో టీచర్ ట్రైనింగుకి సీటొచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. నాన్న వెళ్ళమన్నాడు. నాన్న ఏదంటే అమ్మ అదే అంది. నాన్నని కన్న నాయనమ్మ మాత్రం ససేమిరా అంది. ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసేది నాన్నే అయినా, మా ఇంట్లో ఉత్తర్వులు జారీ చేసేది నాయనమ్మ.

"వీధి చివర కొట్టుకెళ్ళి చింతపండు తెమ్మంటే తోడెవరొస్తారంటుంది. ఇది బాపట్లలో ఒక్కతే ఉంటుందిట్రా?" అంది.

"ఉంటుందమ్మా. నా కూతురు ఎక్కడైనా ఉండగలదు" అన్నాడు నాన్న ఛాతీ విరుచుకుని.

"అయితే దాన్ని ఒక్కదాన్నీ మీ అక్క ఊరికి పంపించు. తోడుగా పురుగు కూడా వెళ్ళకూడదు. క్షేమంగా వెళ్ళి తిరిగొచ్చిందా, బాపట్ల. లేదూ, ఇంట్లో కూచుని అప్పడాలు ఒత్తుకోమను."

అదీ పందెం. మా మేనత్త వాళ్ళ ఊరు రేపల్లెకి అవతల, కాలవ గట్టు మీదే ఉంటుంది. వానాకాలం ఆ ఊరికి రోడ్డుందని చెప్పుకోవడమే గానీ అది నల్లరేగడి బురద. పడవైతే సరిగ్గా ఊరి రేవులోనే దింపుతుంది. కాబట్టి పడవే అని తేలింది.

ఒక్క చిక్కొచ్చింది. పడవ కదిలేది మంగళవారం. మంగళవారం ప్రయాణమంటే నాయనమ్మ చెవులు మూసుకుంటుంది. దానికి మా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ప్రస్థానం. ముందురోజు మంచి ఘడియ చూసి, బట్టల సంచిని వెళ్ళవలసిన దిక్కుగా ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి రావాలి. దాంతో ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైపోయినట్టు లెక్క. మనిషి తర్వాత తీరిగ్గా బయల్దేరి, దారిలో సంచి పుచ్చుకుని పోవచ్చు. ఒక్కటే నియమం: గడప దాటిన సంచి ప్రయాణం చెయ్యకుండా మళ్ళీ ఇంటికి రాకూడదు.

మా వీధికి దక్షిణం కొసన ఉన్న ఇల్లు లూథరన్ బళ్ళో పనిచేసే టీచరమ్మ గారిది. అటు రేపల్లె వెళ్ళాలన్నా, బాపట్ల వెళ్ళాలన్నా వీధిలో వాళ్ళందరి ప్రస్థానాలూ ఆవిడ ముందుగదిలోనే, ఏసుప్రభువు పటం కింద. ఎప్పుడు చూసినా అక్కడ ఎవరిదో ఒక మూట ఉండేది. "మనుషుల్ని ప్రభువు కాపాడతాడండీ, మీ సంచులు మాత్రం నేనే కాపాడాలి, ఎలకలున్నాయి" అనేది ఆవిడ.

సోమవారం నా కాకీ సంచి అక్కడ పెట్టొచ్చాను. మంగళవారం చీకటి విడుతుండగా వెళ్ళేసరికి టీచరమ్మ గారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. కళ్ళు తెరవకుండానే పటం వైపు చెయ్యి చూపించారు. నేను చేతికందిన కాకీ సంచి భుజాన వేసుకుని, రెండో చేత్తో అమ్మ ఇచ్చిన పులిహోర క్యారియరు పట్టుకుని రేవుకి పరిగెత్తాను. నాన్న ఆ ముందురాత్రే, పొద్దున ఆఫీసు పని మీద గుంటూరు పోవాలని చెప్పి, "ధైర్యంగా వెళ్ళిరామ్మా" అని తల నిమిరాడు. పాపం ఆయనకెంత నమ్మకమో అనుకున్నాను.

పడవ కదిలింది. గాలి వాలుగా ఉన్నంతసేపూ తెరచాప ఎత్తారు. గాలి పడిపోతే ఇద్దరు గట్టు మీదికి దిగి తాడు భుజాన వేసుకుని లాగారు. రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. నేను పడవ ముందు భాగంలో, ఎవరికీ తగలకుండా, మహారాణిలా కూచున్నాను. ఆహా, ఒక్కదాన్నే! ఆ సంతోషం తెనాలి పొలిమేర దాటే దాకా కూడా నిలవలేదు.

"ఎవురి తాలూకమ్మాయ్?" అంది పక్కనున్న చేపలత్త. సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చి తెనాల్లో అమ్ముకుని ఖాళీ గంపతో తిరిగిపోతోంది. చెప్పాను.

"ఒక్కదానివే పోతన్నావా? తోడెవురూ లేరా?"

"లేరండి. ఒక్కదాన్నే."

"అయ్యో తల్లీ!" అంది. అంతే, పడవంతా నా మీద పడింది. ఒకాయన అంచున కూచోవద్దన్నాడు. ఒకావిడ తలకి కొంగు కప్పుకోమంది. చుక్కాని దగ్గర్నుంచి పడవాయన, "అమ్మాయి గారిని నడిమధ్యకి జరపండ్రా" అని కేకేశాడు. నన్ను బెల్లపు బుట్టల మధ్య ఇరికించి కూచోబెట్టారు. మహారాణి హోదా అలా గంగలో కలిసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, "నేనేం చంటిపిల్లని కాదండీ" అని ఒక్కొక్కరితోనూ వాదన పెట్టుకున్నాను. ఒక్కళ్ళూ వినలేదు.

లాకుల దగ్గర పడవ ఆగింది. తలుపులు మూసి, నీటిమట్టం సరిపోయే దాకా పడవని అక్కడే నిలిపేస్తారు. సరిగ్గా అప్పుడే జల్లు కొట్టింది. తడిసి ముద్దయ్యాను. తుండుగుడ్డ తీద్దామని సంచి విప్పాను.

లోపల పంచె ఉంది. కంగారుగా ఇంకా లాగాను. చేతుల బనీను. గడ్డం గీసుకునే బ్రష్షు. ఆ అడుగున సొట్టపడ్డ పొడుం డబ్బా.

"ఏంటమ్మాయ్, మగోళ్ళ బట్టలు?" అంది చేపలత్త, కాలవకి ఆ గట్టునా ఈ గట్టునా వినపడేంత గొంతుతో. "ఎవుడితోనన్నా లేచిపోతన్నావా ఏంటి?"

పడవలో తలలన్నీ నా వైపు తిరిగాయి. బెల్లపు బుట్టలాయన ఉలిక్కిపడి లేచాడు.

"ఛీ ఛీ, ఇవి మా నాన్నవండీ!" అన్నాను.

"దొరికినాక ఎవురైనా అదే అంటారమ్మా" అంది తలకి కొంగు కప్పుకోమన్నావిడ.

కానీ అవి నిజంగా నాన్నవే. ఆ సొట్ట నా చేతిలో పడిందే, చిన్నప్పుడు దాంతో చింతపిక్కలు కొట్టేదాన్ని. మా ఇంట్లో ఒకే గుడ్డలో కుట్టించిన కాకీ సంచులు రెండున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. గుంటూరు వెళ్ళే మనిషి సంచి దక్షిణం కొస ఇంట్లో ఎందుకుంది? గుంటూరు మాకు పడమట కదా! ఆలోచించిన కొద్దీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న నా వెనకాలే వద్దామనుకున్నాడు. దొంగచాటుగా వచ్చేవాడు దొంగచాటుగా రాకుండా, మంగళవారం కదా అని తనూ ప్రస్థానం పెట్టాడు! ఛాతీ విరుచుకుని నాయనమ్మ ముందు అన్న మాటలన్నీ ఉత్తుత్తివేనన్నమాట. నన్ను నమ్మలేదు. పళ్ళు కొరుకుతూ ఆయన తుండుతోనే తల తుడుచుకున్నాను.

ఆ తర్వాత ప్రయాణం ఎలా సాగిందో అడక్కండి. ఏ వంతెన కింద పోతున్నా, పైన సైకిలాపి నిలబడ్డ కుర్రవాణ్ణల్లా పడవంతా ఎగాదిగా చూడటమే. ఒకచోట పాలకావిడి దించుకుని చెమట తుడుచుకుంటున్న ఒకతన్ని చేపలత్త, "పోరా పో, ఈ పిల్ల రాదు" అని అదిలించింది. అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బెల్లపు బుట్టలాయన తల్లిదండ్రుల పరువు గురించి హితబోధ చేశాడు. చేస్తూ చేస్తూ నా పులిహోరలో సగం తిన్నాడు. పులిహోర బాగుందని కూడా అన్నాడు.

నా బెంగ నాది. పడవ మళ్ళీ తెనాలికే తిరిగెళ్తుంది. నాన్న వెంట వచ్చాడని ఎవరైనా అన్నారా, పందెం పోయినట్టే, బాపట్ల పోయినట్టే. అప్పడాల పీట నా కళ్ళ ముందు తిరుగుతోంది.

పొద్దు వాలుతుండగా అత్త ఊరి రేవు కనపడింది. రేవులో చింతచెట్టు చాటున ఒక మనిషి. మోకాళ్ళ దాకా బురద. భుజాన కాకీ సంచి. రైల్లో రేపల్లె వచ్చి, ఆ రేగడి రోడ్డంట నడిచొచ్చినట్టున్నాడు. నన్ను చూసి చెట్టు వెనక్కి తప్పుకున్నాడు గానీ, పొట్ట మాత్రం ఇవతలే ఉండిపోయింది.

"అదుగో, ఆడే! సంచి కూడా ఇట్టాంటిదే!" అరిచింది చేపలత్త. మరుక్షణం బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మో, ఇంత ముసలోడా!"

పడవ ఆగకముందే గంపతో సహా దూకింది. "ఏవయ్యా, సిగ్గు లేదంటయ్యా నీకు? కూతురి వయసు పిల్లతోనా?"

నాన్న బిక్కచచ్చిపోయాడు. నా వంక చూశాడు. పందెం సంగతి ఆయనకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. నోరు విప్పితే పందెం పోతుంది, విప్పకపోతే పరువు పోతుంది. ఆఖరికి, "కూతురేనమ్మా" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.

చేపలత్త నా మొహం, ఆయన మొహం మార్చి మార్చి చూసింది. ముక్కులు ఒకటే. నమ్మక తప్పలేదు.

"కూతురైతే మరి దాన్ని ఒక్కదాన్నీ పంపటమెందుకు, ఎనకమాల దొంగలాగా రావటమెందుకు?"

నాన్న తల వంచుకుని బురద కాళ్ళు ఒకదాంతో ఒకటి రుద్దుకున్నాడు. "పంపకుండానూ ఉండలేనమ్మా, పంపేసీ ఉండలేను" అన్నాడు.

పొద్దుటినుంచీ దాచుకున్న కోపం నాకు ఎటు పోయిందో తెలీలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సంచులు మార్చుకున్నాం. రైల్లో మొహం తుడుచుకుందామని సంచిలో చెయ్యి పెట్టి, పెట్టె నిండా జనం చూస్తుండగా నా పరికిణీ తీశాట్ట. ఆ మాట చెప్పి ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నాయనమ్మకి ఏం చెబుదామే?" అన్నాడు తర్వాత, నేనే పెద్దదాన్నయినట్టు.

"ఒక్కదాన్నే వచ్చానని చెప్తాను. పడవలో నువ్వున్నావా ఏంటి?"

"ఒక్కతే వచ్చింది, మాదీ హామీ" అంది చేపలత్త. "దారంతా మా అందరితో తగువాడుకుంటా వచ్చింది. ఈ పిల్లకి తోడెందుకయ్యా, ఈ పిల్ల తగిలినోళ్ళకి కావాల తోడు. నా నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఇదొక్కటీ నానబెడతాలే." పడవాయన కూడా తనకేమీ కనపడలేదని కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు. నాన్న మా అత్త గడప తొక్కకుండా, కాళ్ళన్నా కడుక్కోకుండా, రేపల్లెలో రాత్రి బండి అందుకోవాలని ఆ బురదలోనే వెనక్కి వెళ్ళిపోయాడు. మలుపు తిరిగే దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణం నిజంగా ఒక్కదాన్నే చేశాను. ఈసారి సంచి విప్పి చూసుకుని మరీ పడవెక్కాను. ఇంటికి రాగానే నాయనమ్మ, "ఒక్కదానివే వెళ్ళావా?" అంది. "ఒక్కదాన్నే" అన్నాను. నాన్న మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. నాయనమ్మకి చదువు రాదు కాబట్టి బతికిపోయాం.

అలా బాపట్ల వెళ్ళాను. వెళ్ళే ముందు నాన్న దగ్గర ఒట్టు వేయించుకున్నాను, వెనకాల రాకూడదని. ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా రాలేదు. హాస్టల్లో మిగతా అమ్మాయిల నాన్నలు ఆదివారాలు సున్నుండలు పట్టుకొస్తుంటే, మా నాన్న రావచ్చు కదా, ఇంత మాటకి కట్టుబడాలా అని లోలోపల ఉడుక్కునేదాన్ని.

సెలవలకి తెనాలి వచ్చినప్పుడు టీచరమ్మ గారిని చూడ్డానికి వెళ్ళాను. ఏసుప్రభువు పటం కింద కాకీ సంచి ఉంది, మీద దుమ్ము.

"ఇదెవరిదండీ?"

"మీ నాన్నదేనమ్మా. నువ్వు బాపట్ల వెళ్ళావు చూడు, దానికి ముందురోజు తెచ్చి పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతకీ తీసుకోడు. రైలు కూత వినపడే దాకా నిలబడి, 'ఒట్టేశానండీ' అని వెళ్ళిపోయాడు. ప్రస్థానం పెట్టిన సంచి ప్రయాణం చెయ్యకుండా ఇంటికి రాకూడదటగా? అప్పట్నుంచీ నేనే కాపాడుతున్నాను, ఎలకల నుంచి."

విప్పి చూశాను. పంచె, బనీను, నేను తల తుడుచుకున్న తుండు. పొడుం డబ్బా కూడా అందులోనే ఉంది. ఇన్నాళ్ళూ అది ఎక్కడో పారేసుకున్నానని అమ్మ చేత చివాట్లు తింటున్నాడు మహానుభావుడు. టీచరమ్మ గారు చూస్తుండగానే అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. ఈసారి తిన్నగానే పట్టుకున్నాడు. వెళ్ళి పక్కన కూచున్నాను.

"నాన్నా, నీ పొడుం డబ్బా దొరికింది. కానీ తేలేను. సంచి బాపట్ల వెళ్ళొస్తే గానీ ఇంటికి రాకూడదట కదా. ఎల్లుండి నేను వెళ్తున్నాను. నువ్వూ వస్తావా?"

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఖరికి ముక్కు ఎగబీల్చి, లోపలికి కేకేశాడు.

"అమ్మా, ఎల్లుండి వర్జ్యం ఎప్పుడో కనుక్కో!"