సగం చదివిన కాగితం

పదకొండేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. ఏ బీరువాలో ఉందో, ఎప్పుడో చింపి పారేశారో కూడా తెలియదు. అయినా బరువు దిగలేదు. ఎవరితోనైనా చెప్పుకుందామనిపించిన ప్రతిసారీ ఎదుటివాళ్ల మొహం చూసి నోరు మూసుకున్నాను. వీళ్లు పోయి ఇంకెవరితో అంటారో అని భయం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

ముందే ఒక మాట. నాకు అనుమానం జాస్తి. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనుకుంటాను. ఇది చదివి మీరు నన్ను నమ్మకపోయినా తప్పుపట్టను. మీ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

అప్పట్లో కోయంబత్తూరులో, ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే మేడం దగ్గర పని చేసేదాన్ని. ఇల్లిల్లూ తిరిగి కాగితాలు పంచడం, నింపినవి అంటించిన కవర్లలో తిరిగి తేవడం నా పని. మంచాన పడ్డ మనిషిని ఏళ్ల తరబడి చూసుకుంటున్న ఆడవాళ్ల మీద ఆవిడ పరిశోధన. రోజూ సాయంత్రం వాళ్లు రెండు గీతల మీద గుర్తు పెట్టాలి. ఈ రోజు సంతోషం ఐదుకు ఎంత, దుఃఖం ఐదుకు ఎంత. కింద నాలుగు మాటలు రాయాలి. సంతోషం పెరిగితే దుఃఖం తగ్గుతుందని మనం అనుకుంటాం గానీ రెండూ ఒకే మనసులో ఒకేసారి ఉండొచ్చు, అలా రెండింటినీ ఒప్పుకునేవాళ్లు ఎలా నిద్రపోతున్నారో, ఎలా తట్టుకుంటున్నారో చూడాలి అని మేడం చెప్పేవారు. నేను తల ఊపేదాన్ని. లోపల మాత్రం, రెండూ ఉన్నాయనేవాళ్లు ఏదో దాస్తున్నారనే అనుకునేదాన్ని.

మా అన్న ఇల్లు పోదనూరులో, రైల్వే కాలనీ వెనక వీధిలో. పక్షవాతం వచ్చి ఐదేళ్లు మంచంలోనే ఉన్నాడు. అన్నీ వదినే. తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్కగుడ్డలు మార్చడం, మధ్యలో కూతురికి జడ వేసి బడికి పంపడం. నేను, అమ్మ సూలూరులో ఉండేవాళ్లం. పండక్కో పబ్బానికో వెళ్లి, వదిన చేసే చాకిరీలో వంకలు వెతికి, భోజనం చేసి వచ్చేవాళ్లం. ఆ పరిశోధనలో వదినను చేర్పించింది నేనే. పేరుండదు వదినా, నెంబరే ఉంటుంది, మనవాళ్లెవరి కంటా పడదు అని నా నోటితో నేనే చెప్పాను.

వదినకు అరవం రాయడం బాగానే వచ్చు. కానీ మనసులో మాట అరవంలో రాదంది. ఇంట్లో మాట్లాడే తెలుగునే అరవ అక్షరాల్లో రాస్తానంది. మా వీధుల్లో తెలుగువాళ్లెవరికీ తెలుగు అక్షరాలు రావు, సరుకుల చీటీ అయినా అలాగే రాసుకుంటాం. మేడం సరేనన్నారు. మరికొందరు కూడా అలాగే రాశారు. తీరా కట్ట వచ్చాక ఆఫీసులో చదివే దిక్కు లేదు. అరవం వాళ్లకు మా తెలుగు అర్థం కాదు. ఆంధ్రా నుంచి వచ్చిన అమ్మాయికి అరవ అక్షరాలు రావు. రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మేడం ఆ కట్ట నా ముందు పెట్టి, ఇందులో నీకు తెలిసినవాళ్లున్నారా, ఉంటే వాళ్లవి పక్కన పెడదాం అన్నారు.

లేరన్నాను. ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందని కాదు. చదవాలని ఉంది, అంతే. వదిన లోపల ఏముందో చూడాలని ఐదేళ్లుగా దురద.

అప్పటికి అన్న పోయి పదిరోజులైంది. ఒక మధ్యాహ్నం పోయాడు. మాకు ఫోన్ వచ్చింది రెండు గంటలు ఆలస్యంగా. మేం వెళ్లేసరికి వదిన స్నానం చేసి, వేరే చీర కట్టుకుని ఉంది. ఆ రెండు గంటలు ఏం చేసింది? చీర ఎందుకు మార్చింది? మాత్రలు సరిగ్గా ఇచ్చిందా? శవం ఇంట్లో ఉండగానే నా బుర్ర ఈ లెక్కలు వేసింది. ఛీ, అనిపించలేదా అంటే, అప్పుడు అనిపించలేదు.

వదిన మొండిది, మొదలుపెట్టిన పని వదలదు. అన్న పోయిన మూడో రోజు కాగితం కూడా నింపి ఇచ్చింది. కట్టలో ఆమె నెంబరు వెతికి తీశాను, సంతోషం గీత మీద నాలుగు. కింద ఇలా ఉంది: “ఆయన పక్కగుడ్డలు ఉతికి ఆరేస్తిని. ఇంగ రేపు ఉతికేది లేదనుకుంటే సంతోసంగా ఉండె. శానా దినాలకి ఆకలయ్యె. మూడు దోసెలు తింటిని.”

ఆ కాగితం సంచిలో వేసుకుని సూలూరు బస్సెక్కాను. ఇంటికి పోగానే అమ్మకు చదివి వినిపించాను. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. మర్నాడు కాగితం తీసుకుపోయి కట్టలో పెట్టేశాను.

పదహారో రోజు కర్మ నాడు, చుట్టాలందరూ ఉండగా, అమ్మ వదినను అడిగింది, మొగుడు పోతే అంత సంతోషమేమే నీకు, మూడేసి దోసెలు తినేంత, అని. వదిన కాదనలేదు. కాదని ఉంటే బాగుండేదేమో. అంతే, ఇక అందరికీ నోళ్లొచ్చాయి. ఒకరు మాత్రల సంగతి ఎత్తారు, ఒకరు ఆ రెండు గంటల సంగతి ఎత్తారు. ఆ రెండు గంటల సంగతి వాళ్లకు చెప్పింది కూడా నేనే. నెల తిరగకుండా వీధిలో ఆమెతో మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. బళ్లో పిల్లని కూడా అడిగారట, మీ అమ్మ మీ నాన్నకు ఏం పెట్టిందని. పిల్ల బడికి పోనని కూర్చుంది. మేట్టుపాళయంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోవాలని వదిన సామాను సర్దింది.

సర్దడానికి సాయం వెళ్లాను. అవును, వెళ్లాను. గిన్నెలు గోనెసంచిలో వేస్తుంటే వదిన నా పక్కన కూర్చుంది.

“అమ్మణీ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ కాయితం నువ్వు చదివితివా?”

“లేదు వదినా. అదంతా మేడమేదా చూస్తారు.”

“నాకి తెలుసు. నువ్వు అట్ల చేసేదానివి కాదు. నా పేరు బయటపెట్టింది ఆ మేడమేదా.”

నేను గోనెసంచి మూతి బిగించి కట్టాను. వదిన ఊరు వదిలే ముందు, కాగితాలు నింపే ఆడవాళ్ల ఇళ్లకు పోయి ఆ మాటే చెప్పింది. మా ఆడవాళ్లందరూ కాగితాలు నింపడం మానేశారు. ఏమైందని మేడం అడిగితే, మా జనం ఇంతే మేడం, చదువుకున్నవాళ్లను నమ్మరు అన్నాను. ఆవిడ నా మాటే నమ్మారు.

ఇంత వరకు చెప్పింది తప్పే గానీ, అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఆ కాగితంలో రెండో గీత ఉంది. దుఃఖం, ఐదుకు ఐదు. దోసెల మాట కింద ఇంకో నాలుగు వరసలు ఉన్నాయి: “ఆయన పోయినంక రెండు గంటలు చెయ్యి పట్టుకోని కూర్చుంటిని. ఫోన్ చేస్తే అందరూ వచ్చి ఎత్తుకపోతారని యావరికీ చెప్పలే. మళ్ల నేనే ఆయనకి స్నానం చేయిస్తిని. నా చీరంతా తడిసిపోయె.”

నా అనుమానాలన్నిటికీ జవాబు అక్కడే ఉంది. అమ్మ దగ్గర అది చదవలేదు. కన్ను దాటిపోయిందని మీతో అబద్ధం చెప్పొచ్చు. దాటలేదు. బస్సులోనే చదివాను. చదివి, ఇది నిజం కాదు, చూసేవాళ్ల కోసం రాసింది అనుకున్నాను. దోసెల మాట మాత్రం నిజమట, చెయ్యి పట్టుకున్న మాట నటనట! అన్నను ఐదేళ్లలో ఒక్క పూటయినా చూసుకోని చెల్లెలికి, చూసుకున్న మనిషిలో ఒక దోషం దొరకాలి. దొరికితే నేను మంచిదాన్నవుతాను. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా కనబడలేదు.

వదిన ఇప్పటికీ మేట్టుపాళయంలోనే ఉంది. కూరగాయల మండీలో బంగాళాదుంపలు ఏరే పని. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. ఆ ఇంటివాళ్లలో నువ్వొక్కదానివే నన్ను అనుమానించలేదు అంటుంది.

పోయిన ఏడు అమ్మ పోయింది. ఏడాదిన్నర మంచంలో ఉంది, నేనే చూశాను. పోయిన రోజు ఏడ్చాను, గుండె పగిలేలా ఏడ్చాను. మర్నాడు లేచి, పిలిచేవాళ్లు లేని ఇంట్లో కాఫీ కలుపుకుని నిదానంగా తాగాను. హాయిగా ఉంది. దేవుడా, ఎంత హాయిగా ఉందో. వెంటనే మళ్లీ ఏడుపు. రెండూ ఒకే గుక్కలో.

మూడో రోజు వదిన వచ్చింది. తన పరువు తీసిన మనిషి చావుకు వచ్చింది. అందరూ లేచాక నా పక్కకు జరిగి మెల్లగా అంది, “ఏడుపు ఒకటేదా వస్తుందని యావరు చెప్పిరి? తేలిగ్గా ఉంటే అదిన్నీ చెప్పు కన్నూ. నాకాడ చెప్తే యాటికీ పోదు.”

యాటికీ పోదు. ఆ మాట ఎందుకంది? మామూలుగా అందా, నా మొహం చూసి అందా? ఆమెకు తెలుసా? పదకొండేళ్లుగా తెలిసే, ఎప్పుడు బయటపడతానా అని ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తోందా? ఆ కళ్లలో ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. అట్లాంటిదేమీ లేదు వదినా, దుఃఖమే అన్నాను. ఆమె నా చెయ్యి తట్టి లేచిపోయింది.

నలభై దాటాక నేర్చుకున్న ఈ తెలుగు లిపిలో ఇదంతా రాస్తున్నాను. వదినకు ఈ అక్షరాలు రావు. అందుకే ఈ లిపి ఎంచుకున్నానా? అవును, అందుకే. నా పిరికితనం మీద మాత్రం నాకు అనుమానమేమీ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు తెలుసో లేదో ఇంక ఆరా తీయను. వదిన రాసిన సంతోషాన్ని ఊరంతా వినిపించింది నేను. ఆమె దుఃఖాన్ని దాచింది నేను. అదే సంతోషం నాకు వచ్చినప్పుడు, అడిగిన మనిషి ముందే కూర్చుని, లేదని చెప్పింది కూడా నేనే.