దొరసాని తోటలో గోంగూర

మొన్న ఆదివారం పొద్దున జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. "అత్తమ్మా, బాపు పోయిండు. గోంగూర చెల్లెకు మొదలు చెప్పుమన్నడు" అన్నాడు అన్న కొడుకు. ఆ గోంగూర చెల్లె నేనే. తోడబుట్టినవాడు కాకపోయినా అన్నే. ఆయనతో చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండానే దాదాపు యాభై ఏళ్లు గడిపేశాను. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

డెబ్బైల్లో నరసాపురం నుంచి మస్కట్‌లో ఒక ఆస్పత్రికి నర్సుగా వెళ్లాను. గులాబీ ముల్లు దిగి చీము పట్టిన వేలితో ఒకాయన వార్డుకొచ్చాడు. నొప్పికి "అవ్వో" అన్నాడు. ఆ ఒక్క తెలుగు కేకతో నాకు ప్రాణం లేచొచ్చింది. రోడ్లు వేసే కంపెనీలో కూలీగా వచ్చి, ఆ కంపెనీ ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో మాలీ అయ్యాడట. ఆ రోజు నుంచి నాకు అన్న, ఆయనకు నేను చెల్లె.

ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి చివర్లో, ఆ ఇంజనీరు భార్య, మా దొరసాని, నర్సులందరినీ టీకి పిలిచి తోట చూపించేది. చుట్టూ రాళ్ల కొండలు, గోడ లోపల పచ్చిక. ట్యాంకర్ నీళ్లతో పెంచిన గులాబీలు, మనిషెత్తు హాలీహాక్ పూలు. అన్న ఆ పచ్చిక మీద చెప్పులతో అడుగు పెట్టేవాడు కాదు. మొక్కలతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఇంగ్లీషు మొక్కలకు తెలుగేం తెలుస్తుందని ఏడిపిస్తే నవ్వేవాడు. "మొక్కకు మనం ఏ దేశపోళ్లమో తెల్వది చెల్లె. నీళ్లు ఎవలు పోస్తరో గదొక్కటే ఎరుక."

రెండో ఏడు గోడవారన కొత్త వరస కనిపించింది. లేత పసుపు పూలు, మధ్యలో ముదురెరుపు. తన మాలీ వాళ్ల ఊరి నుంచి తెప్పించిన అరుదైన పూలమొక్క అని దొరసాని అతిథులకు గొప్పగా చూపిస్తోంది. అది గోంగూర. ఏడాదిన్నర తర్వాత కంటపడిన గోంగూర. నేను ఒళ్లు మరిచిపోయాను. ఒక ఆకు తుంచి నమిలాను. ఇది మేం వండుకు తినే ఆకని అందరి ముందూ ఇంగ్లీషులో చెప్పి, చున్నీ నిండా కోసుకున్నాను. పైపు పట్టుకుని దూరంగా నిలబడ్డ అన్న వద్దన్నట్టు తలూపుతూనే ఉన్నాడు. ఆ సంతోషంలో నేను పట్టించుకోలేదు. అతిథులు పడీ పడీ నవ్వారు. దొరసాని మొహం కందిపోయింది.

వారం తిరక్కుండా అన్నను దూరంగా ఇబ్రా ఊరి దారిలో రోడ్డు సైట్‌కు పంపేశారు. మట్టి తప్ప ఇంకేదీ ఇష్టపడని మనిషిని తీసుకెళ్లి తారు దగ్గర నిలబెట్టారు. జూన్‌లో వడదెబ్బ తగిలి మా వార్డుకే వచ్చాడు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఇదంతా నా వల్లే అని చెప్పబోయాను. ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆకును జూసి ఆగలేకపోయినవ్, గంతే. కూర మంచిగైందా?"

బాగా కుదిరిందన్నాను. అబద్ధం. ఆకు కోసుకొచ్చిన సాయంత్రం దొరసాని మొహమూ, అన్న తల ఊపడమూ గుర్తొచ్చి పొయ్యి వెలిగించలేకపోయాను. ఆకు సంచిలోనే కుళ్లిపోయింది.

ఇద్దరం దేశానికి తిరిగొచ్చేశాక ఏటా కవరులో గోంగూర విత్తనాలు పంపేవాడు. పెంచాను, ఇరుగుపొరుగుకి పంచాను. నా నోట మాత్రం పెట్టుకోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న, కూర మంచిగైందా అని. నాదీ అదే అబద్ధం. క్షమించన్నా అనడం నాకు చేతకాలేదు. అడిగితే ఒక్క నవ్వుతో కొట్టిపారేసేవాడని తెలిసి కూడా.

ఆదివారం ఆ ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్లి ఈ ఏటి గోంగూర కోశాను. ఏడుస్తూనే వండాను. కంచంలో పెట్టుకుని ముద్ద కలిపాను. బాగా పుల్లగా ఉంది, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాట అన్నకు చెబుదామని, ఎంగిలి చేత్తోనే లేచి, ఫోన్ దాకా వెళ్లాను.