కొసరుగా వచ్చిన లారీ

మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నేను విసుక్కున్న నియమాలన్నీ ఒక తుప్పు లారీ పుణ్యమా అని నాకు అక్కరకొచ్చాయి. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వకూడదు. శనివారం ఇనుము కొనకూడదు. ఆవిడ ఉన్నప్పుడు "అబ్బబ్బ, ఇక మనుషులు బతకడానికి వారాలేం మిగిలాయండీ" అని మూతి తిప్పుకునేదాన్ని. ఆవిడ పోయాక, ఆవిడ కొడుకు ఆ లారీ కొనకుండా ఆపడానికి నేను పట్టుకున్నది ఆ మాటల్నే. తల్లి మాట కదా, మా ఆయన కాదనలేరు.

ఎందుకు ఆపాలనుకున్నానో చెప్తాను. మా ఆయన తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో బాయిలర్లూ యంత్రాలూ చూసుకునేవారు. ఒక సాయంత్రం ఇంటికొస్తూ, శామీర్‌పేట చెరువు దాటాక, కంపెనీ క్యాబ్‌లోనే చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయారు. డ్రైవరు పుణ్యాత్ముడు, ఎవరినీ అడక్కుండా బండిని తిన్నగా ఆసుపత్రికి తిప్పాడు. స్టెంట్లు వేశారు. బరువులు ఎత్తొద్దన్నారు, ఆయాసపడొద్దన్నారు. ఉద్యోగం మానేసి గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో కూర్చున్నారు. అప్పట్నుంచీ ఆయన కుడి అరచెయ్యి గుండె మీదే ఉండేది. టీవీ చూస్తున్నా, పడుకున్నా, గేటు దాకా నడిచినా అంతే. లోపల ఇంజను ఆడుతోందో లేదో చూసుకుంటున్నట్టుండేది. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

వేసవి చివర్లో మొక్కజొన్న కంకులు కొందామని ఆటోలో అత్వెల్లి దాకా వెళ్లాం. రోడ్డు పక్క తుమ్మచెట్ల మధ్య, ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ ఒకటి నిలబడి ఉంది. టైర్లు మట్టిలో దిగిపోయాయి. ఒళ్లంతా తుప్పు. వెనక బాడీ మాత్రం చెక్కది, ఎండకి నల్లబడిందే గానీ గట్టిగానే ఉంది. కంకులు నా చేతిలో పెట్టేసి ఆయన తుమ్మముళ్లలోకి నడిచారు. బానెట్ పట్టుకుని లేపారు. లోపలికి తొంగి చూశారు, గొట్టాలు తడిమారు, ఏదో గీకి వాసన చూశారు. రెండు చేతులతోటీ. గుండె మీద చెయ్యి లేదు. నేను చూశాను. చూసి, చూడనట్టే ఊరుకున్నాను.

పొలం పెద్దాయన గట్టు మీంచి వచ్చాడు. "మా బాపుది సార్ గీ బండి. గప్పుడు గీడంతా అంగూర్ తోటలే. తెల్లారకముందే డబ్బలేసుకొని పట్నం వోతుండె. నేను గూడ బాడీల కూసొని పొయ్యేది" అన్నాడు. మా ఆయన, "అమ్ముతారా?" అని అడిగారు. నా చేతిలో కంకి విరిగింది.

ఇంటికొచ్చాక ఆయన మెల్లగా మొదలుపెట్టారు. "పక్కన మన ఖాళీ జాగా ఉంది కదా. అక్కడ పెట్టుకుని, రోజుకి కొంచెం కొంచెం బాగుచేసుకుంటాను. తొందరేం లేదు." ఆ జాగాలో నా బెండ మొక్కలున్నాయి, కనకాంబరాలున్నాయి. అది కాదు నా బాధ. ఇంజను దింపుతూనో, చక్రం విప్పుతూనో, ఆ ఇనుప కొండ కింద ఒంటరిగా పడుకుని ఉండగా ఆయనకి మళ్లీ నొప్పొస్తే? నేను వంటింట్లో పోపు పెట్టుకుంటూ ఉంటే? ఎవరు లాగుతారు బయటికి? డబ్బుపోసి కొరివి కొనుక్కుని తల గోక్కోవడం అంటే ఇదే. కానీ ఆ మాట ఆయన మొహం మీద అనలేకపోయాను. "మీరు చచ్చిపోతారేమోనని భయం" అని గుండెజబ్బు మనిషితో ఎలా అంటాం? అందుకే "ఆషాఢం కదండీ, వెళ్లనివ్వండి" అన్నాను.

ఆషాఢం అయింది. శ్రావణం వచ్చింది. ఒక మంగళవారం వద్దన్నాను, ఒక గురువారం వర్జ్యం ఉందన్నాను. ఆయన పొలం పెద్దాయనకి ఫోన్ చేసి ఆ కారణాలే చెప్పి వాయిదా వేసేవారు. ఇంకోసారి ఆయన బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే పనిగట్టుకుని తుమ్మాను. సిగ్గేం లేదు నాకు. మొగుణ్ణి బతికించుకోవడానికి తుమ్మితే పాపమా? ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, ఎక్కడెక్కడ ఏ బోల్టు విప్పాలో గాల్లో వేళ్లతో గీసుకుంటూ ఉండేవారు. రెండు చేతులూ గాల్లోనే.

శుక్రవారం సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్ పెట్టారు. "సార్, ఇగ నాతోని గాదు. ప్లాట్ల వెంచరోళ్లు జాగ ఖాళీ జేయమంటుండ్రు. రేపు పొద్దుగాల కటింగోడొస్తుండు, గ్యాస్‌తోని కోసి తుక్కుకేస్తడు. నీకు గావాల్నంటే ఇయ్యాల్నే వచ్చి బయానా పైసలు వెట్టుండ్రి. పొద్దుగూకినాంక వానికే మాటిస్త."

మా ఆయన నా వైపు చూశారు. శుక్రవారం, దీపాలు పెట్టే వేళ. నేనేం అనక్కర్లేకపోయింది. "ఇవాళ డబ్బు ఇవ్వకూడదు కదూ" అన్నారు ఆయనే. "రేపేమో శనివారం. ఇనుము." ఫోన్‌లో "వద్దులెండి" అని చెప్పి పెట్టేశారు. ఒక నవ్వు నవ్వి, లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను గెలిచాను. గెలిచాననే అనుకుంటూ అన్నం వండాను.

పొద్దున కాఫీ ఇవ్వబోతే ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. కుడి అరచెయ్యి గుండె మీద ఉంది.

ఒళ్లు మండిపోయింది నాకు. ఎవరి మీదో తెలీదు. ఆయన మీదా, ఆ చెయ్యి మీదా, పోయిన మా అత్తగారి మీదా, నా మీదా. లారీ కింద పడి చచ్చిపోతారని కాపలా కాశాను గానీ, ఈ కుర్చీలో కూర్చుని ఆయన చేస్తున్నదేంటి? కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి స్కూటీ తాళం తీసుకున్నాను.

"లేవండి. ఎక్కండి."

"ఎక్కడికే?"

"మీ అమ్మగారు వద్దన్న చోటికి."

హైవే మీద కంటైనర్లు బారుగా ఆగిపోయి ఉన్నాయి. మేడ్చల్ దగ్గర ఏదో తవ్వి పెట్టారు. సర్వీసు రోడ్డు పట్టుకుని గుంతల్లో, బురదలో పోనిచ్చాను.  వెనక ఆయన ఊపిరి వినిపిస్తోందా లేదా అని నా చెవులు రెండూ అటే ఉన్నాయి. ఈ కుదుపులకే ఏమైనా అయితే? అక్కడికి వెళ్లేసరికి ముక్కలై ఉంటే, అది చూసి ఏమైనా అయితే?  హారన్ మీద బొటనవేలు తియ్యలేదు.

తుమ్మచెట్లు కొట్టేసి ఉన్నాయి. లారీ దగ్గర నీలం మంట కనిపించింది. ముందు బంపర్ అప్పటికే తెగి నేల మీద పడి ఉంది. కటింగ్ మనిషి మంటను బానెట్ వైపు తిప్పుతున్నాడు.

"ఆగు!" అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. అతను మంట పక్కకు తిప్పాడు.

పెద్దాయన ఎదురొచ్చాడు. "ఏంది చెల్లె, గిప్పుడొస్తిరి? నిన్ననే వానికి మాటిచ్చిన. మాట దప్పుమంటవా?" అని, నా మొహం చూసి ఎగతాళిగా, "అయినా ఇయ్యాల శనివారం గాదె? ఇన్ని దినాలు వారాలు, వర్జ్యాలు జూసినవు. ఇగ శనివారం ఇనుము కొంటవా?"

మా ఆయన లారీకి కొంచెం దూరంలో నిలబడ్డారు. తెగిన బంపర్ చూస్తున్నారు. చెయ్యి గుండె మీద బిగుసుకుంది, పెదవులు తెల్లబడ్డాయి. ఇక్కడ కుప్పకూలితే ఏ ఆసుపత్రి దగ్గరని నా బుర్ర వెతుక్కుంటోంది. మాట మాత్రం నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఇనుము ఎవరు కొంటున్నారు అన్నయ్యగారూ? నేను కట్టె కొంటున్నాను. ఆ వెనక బాడీ చెక్క. అది తుక్కు మనిషికి పనికిరాదు కదా, దాని గురించి అతనికి మాటివ్వలేదు కదా. చెక్కకి ధర చెప్పండి. ఇనుము కొసరెయ్యండి."

పెద్దాయన నోరు తెరిచాడు. "కొసరా? బండి కొసరా?"

"కూరగాయల దగ్గర కరివేపాకు కొసరెయ్యరూ? అలాగే."

 పక్కన మంట బుస్సుమంటూనే ఉంది. పెద్దాయన చెక్క బాడీ వైపు చూశాడు. చిన్నప్పుడు తను ద్రాక్షపళ్ల డబ్బాల మధ్య కూర్చున్న చోటది. తర్వాత కటింగ్ మనిషితో, "బంద్ జెయ్‌రా భయ్. నీ గ్యాస్‌కు, కూలికి నేను సూసుకుంట. బంపర్ నువ్వు వట్టుకపో" అన్నాడు. నాతో, "నీ నోరు మస్తుంది చెల్లె" అన్నాడు.

వెనక నవ్వు వినిపించింది. మా ఆయన నవ్వుతున్నారు, భుజాలు కదిలేలా. ఆసుపత్రి తర్వాత ఆయన అలా నవ్వడం నేను వినలేదు. రెండు చేతులూ బానెట్ మీద ఆనించి నిలబడ్డారు. నేను తెగిన తుమ్మ మొద్దు మీద కూలబడి ఏడ్చేశాను.

క్రేన్‌తో ఇంటికి మాత్రం ఆదివారమే తెప్పించాం. ఆ మాత్రం భయం నాకూ ఉంది. బెండ మొక్కలు పోయాయి. బరువులు ఎత్తడానికి మనిషిని పెట్టుకోవాలని, నేను పక్కన లేకుండా లారీ కిందకి దూరకూడదని ఒట్టు వేయించుకున్నాను. కూరగాయలు తరుక్కోవడం కూడా ఇప్పుడు అక్కడే, లారీ పక్కన నేల మీద కత్తిపీట వేసుకుని.

ఆయన కింద పడుకుంటే బయటికి కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. సుత్తి చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఫర్వాలేదు. ఆగిందంటే కత్తిపీట దగ్గర నా చెయ్యీ ఆగిపోతుంది.

"ఏవండీ!"

"ఆఁ" అంటారు కిందనించి. "బతికే ఉన్నాను. ఆ చిన్న స్పానర్ ఇలా తోయ్."

స్పానర్ తోద్దామని వంగుతాను. అప్పుడు తెలుస్తుంది, నా కుడి అరచెయ్యి నా గుండె మీద ఉందని.